జూదంలో మోసం ఎక్కడున్నది?

ముక్కలు కలపడంలో మోసం లేనప్పుడు, ఓడినవాడు ఇష్టపడే ఆడినప్పుడు, జూదాన్ని నిజాయితీ లేని పని అని ఎలా అంటారు? ఎవరి సొమ్ము వారిది, ప్రభుత్వానికేమి పని? ఈ వాదన తరచూ వినిపిస్తున్నది. దీనికి జవాబు చెప్పవలసిందే.

ఒక చిన్న లెక్క చూద్దాం. పదిమంది తలా 100 రూపాయలు పెడితే పందెం 1,000 రూపాయలు. ఆడించేవాడు అందులో నూటికి 10 తన వాటాగా తీసుకుంటాడనుకుందాం. మిగిలిన 900తో మళ్లీ ఆడితే 810 మిగులుతుంది. ఇలా ఏడు ఆటలు ముగిసేసరికి ఆటగాళ్లందరి చేతుల్లో కలిపి 500 కూడా ఉండదు. వారిలో ఎవరు గెలిచినా, ఎన్నడూ ఓడనివాడు ఆడించేవాడే. గెలుపు ఆశ చూపి ఈ లెక్కను మరుగుపరచడంలోనే మోసమున్నది. జూదంలో కొంత ప్రయోజనముందన్న మాటను దివ్యఖుర్ఆన్ కాదనలేదు. దాని పాపం ఆ ప్రయోజనాన్ని మించినదని తేల్చింది. భారతకథ తెలిసిన మన పొరుగువారికీ ఇది కొత్త సంగతి కాదు.

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా పేర్కొన్నది. ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ల తరబడి ఆ మాటనే కవచంగా వాడుకున్నాయి. నిర్వాహకుడు పందెంపై లాభం గడిస్తే అది నేరం కావచ్చునని అదే తీర్పులో ఉన్న మాటను మాత్రం ప్రస్తావించలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడేవారికి శిక్ష లేదు. ఇదే సరైన దృష్టి అని మేము భావిస్తున్నాం.

మన 1974 నాటి గేమింగ్ చట్టం తీరు వేరు. పేకాట శిబిరంలో దొరికిన ఆటగాడూ దాని దృష్టిలో నేరస్థుడే. రేస్‌కోర్సు ఆవరణలో గుర్రాలపై కాసే పందేలకు మాత్రం అది మినహాయింపు ఇచ్చింది. మలక్‌పేట రేస్‌కోర్సు గోడకు లోపల కాస్తే వినోదం, ఆ గోడకు ఇవతల బస్తీ గదిలో ఆడితే నేరం! రోజుకూలీ పందెంలో పోగొట్టుకున్నవాడు మరునాడు జరిమానాకూ, వకీలు ఫీజుకూ అప్పు చేస్తాడు. ఆ అప్పు తీర్చేది అతని భార్యాబిడ్డలే.

జూదాన్ని చట్టం కట్టడి చేయవలసిందే. అయితే దాని దెబ్బ ఆడించేవాడిపై పడాలి. గుర్రప్పందేల మినహాయింపును రద్దు చేయాలి. చిల్లర పందేల్లో దొరికిన పేదలను లాకప్పుకు కాక సలహాకేంద్రాలకు పంపాలి. మన మస్జిద్ కమిటీలు కూడా ఈ విషయాన్ని జుమా ప్రసంగాల్లో బాహాటంగా చర్చించాలి. అప్పుల్లో కూరుకుపోయిన యువకుడిని వెలివేయకుండా, వడ్డీ లేని రుణంతో చేయందించి నిలబెట్టాలి. చట్టం ఆడించేవాడిని ఆపగలదేమో గాని, ఓడి ఇంటికి వచ్చినవాడిని ఆదుకోవలసిన బాధ్యత మనదే.