చెరువు నిండితే చాలా?

మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేశాం. నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా పైకొచ్చింది. పళ్ల మీద గార ఇక్కడ కొత్త కాదు.

2018 జూన్ నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన చెరువులకు వదులుతున్నారు. ఎండిన చెరువులు నిండాయి, ఒట్టిపోయిన బోర్లకు మళ్లీ నీళ్లొచ్చాయి. మేలు జరగలేదని నేననను.

కానీ ఆ నీళ్లకు జరుగుతున్నది రెండో దశ శుద్ధి మాత్రమే. మూడో దశ కావాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. చెరువు నీళ్లు చెరువులోనే ఉండిపోవు కదా! భూమిలోకి ఇంకి బోరుకు, బోరు నుంచి మన బిందెకు, ఆవు తొట్టికి చేరతాయి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, లోహాలు పోవు.

అందుకే మూడో దశ శుద్ధి జరగాలంటాను. అంతదాకా ప్రతి ఊరి బోరు నీళ్లను వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించి, ఫలితాన్ని పంచాయతీ గోడ మీద అందరికీ అర్థమయ్యే మాటల్లో రాయాలి. మనం ఇంత గోడపత్రిక రాస్తున్నాం. తాగే నీళ్ల గురించి ఆ గోడ మీద నాలుగు ముక్కలు రాయడం అంత కష్టమా?