అందరూ అర్సాకెస్‌లే, సింహాసనం ఎవరిది?

పార్థియన్ రాజుల వెండి నాణేలను వరసగా పేర్చి చూస్తే ఒక వింత కనిపిస్తుంది. ముఖాలు మారతాయి, గడ్డాల తీరు మారుతుంది, కిరీటాలు మారతాయి. పేరు మాత్రం మారదు. అన్నింటి మీదా దాదాపు ఒకటే పేరు: అర్సాకెస్. వంశాన్ని నిలబెట్టిన మూలపురుషుడి పేరునే తర్వాతి రాజులందరూ పట్టాభిషేక నామంగా ధరించారు. ఏ నాణెం ఏ రాజుదో తేల్చలేక పండితులు ఇప్పటికీ తలలు పట్టుకుంటున్నారు. ఎప్పుడైనా ఒక రాజు సొంత పేరు కూడా చెక్కించాడంటే, చాలాసార్లు ఆ సమయానికి ఇంకొకడు కూడా తానే రాజునంటున్నాడని అర్థం.

క్రీ.పూ. 247 నుంచి క్రీ.శ. 224 దాకా, అంటే 470 ఏళ్లు, యూఫ్రటీస్ నది నుంచి మధ్య ఆసియా అంచుల వరకూ ఈ కుటుంబం మాట చెల్లింది. రోమ్ సైన్యాలకు ఎదురొడ్డి నిలిచిన రాజ్యం ఇది. మన చరిత్ర పాఠాల్లో వీళ్లు పహ్లవులుగా తగులుతారు. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని శక, యవన, పహ్లవులను మట్టుబెట్టినవాడని పొగిడింది. అక్కడి పహ్లవులు ఈ పార్థియన్ మూలాల వాళ్లే.

ఇంతకాలం ఏలిన కుటుంబం ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు రాసుకోలేదు: రాజు పోతే తర్వాత ఎవరు? అర్సాకెస్ రక్తం ఉన్నవాడే రాజు కావాలన్న నియమం ఉక్కులాంటిది. ఆ రక్తం ఉన్నవాళ్లలో ఎవడన్నది మాత్రం ఎప్పటికప్పుడు తేలాల్సిన వ్యవహారం. ఆ వంశపు దీర్ఘాయువుకూ, దాని ఇంట్లో పారిన నెత్తురుకూ మూలం ఈ ఒక్క లోపంలోనే ఉందని నా అభిప్రాయం.

మొదట్లో ఇది లోపంలా కనిపించలేదు. పైగా వరంలా పనిచేసింది. మొదటి ఫ్రాటీస్‌కు చాలామంది కొడుకులున్నారు. అయినా క్రీ.పూ. 171 ప్రాంతంలో వాళ్లందరినీ పక్కనబెట్టి, సమర్థుడని నమ్మిన తమ్ముడు మిత్రిడేటిస్‌కు రాజ్యం అప్పగించాడు. రోమన్ రచయిత జస్టిన్ ఈ నిర్ణయాన్ని మెచ్చుకున్నాడు: తండ్రిగా కన్నా రాజుగా ఆలోచించాడన్నది ఆయన ప్రశంస. ఆ తమ్ముడే మీడియాను గెలిచి, క్రీ.పూ. 141లో బాబిలోనియాలో అడుగుపెట్టి, చిన్న రాజ్యాన్ని సామ్రాజ్యం చేశాడు. పెద్దకొడుకుకే గద్దె అన్న కట్టుబాటు ఉండి ఉంటే ఆ అవకాశం అతనికి దక్కేదే కాదు.

ఎంపికలో రాజు ఇష్టం ఒక్కటే చాలదు. పార్థియన్లకు రెండు సభలుండేవని స్ట్రాబో రాశాడు. ఒకటి రాజబంధువులది, రెండోది జ్ఞానులదీ మాగీ పురోహితులదీ. రాజును నిలబెట్టేది ఈ రెండూ కలిసి. కొత్త రాజు తలమీద కిరీటం పెట్టే హక్కు సురేన్ వంశానికి తరతరాలుగా ఉండేది. సొంత భూములూ సొంత అశ్వదళాలూ ఉన్న ఇలాంటి గొప్ప కుటుంబాలకు బలహీనుడైన రాజు దొరికితే పండగే. రాజకుమారుడు ఎంత అర్హుడైనా వీళ్ల గుర్రాలు వెనక లేకపోతే అతనిది ఉత్త ఆశే. అంతఃపురంలో చాలామంది రాణులు, వాళ్లకు చాలామంది కొడుకులు. ప్రతి కొడుక్కీ ఆశ, ప్రతి ఆశ వెనకా ఒక పెద్ద కుటుంబం.

రెండో మిత్రిడేటిస్ క్రీ.పూ. 91 ప్రాంతంలో కన్నుమూయగానే దాయాది పోరు బయటపడింది. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఎవరు ఎవరి తర్వాత ఏలారో చరిత్రకారులకే స్పష్టత లేదు. ఆ గందరగోళంలో సకరౌకే అనే శక తెగవాళ్లు సినట్రుసెస్ అనే ఎనభై ఏళ్ల ముసలాయన్ను తెచ్చి గద్దెనెక్కించారు. ఆయన కొడుకు మూడో ఫ్రాటీస్‌ను క్రీ.పూ. 57లో సొంత కొడుకులిద్దరూ కలిసి చంపారు. ఆ వెంటనే అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు కత్తి దూశారు. చివరికి వాళ్లలో ఒరోడీస్ గెలిచి, సోదరుడు మిత్రిడేటిస్‌ను చంపించాడు.

ఒరోడీస్ కాలంలోనే, క్రీ.పూ. 53లో, కార్హే దగ్గర రోమ్ సేనాని క్రాసస్ సైన్యం నుగ్గునుగ్గయింది. ఇరవై వేల మంది చచ్చారనీ పది వేల మంది బందీలయ్యారనీ ప్లూటార్క్ లెక్క. గెలిపించింది ముప్పై ఏళ్లు కూడా నిండని సురేన్ వంశపు యువకుడు. ఒరోడీస్‌కు పోయిన గద్దెను తిరిగి తెచ్చిపెట్టిందీ అతనే. దానికి దక్కిన బహుమానం మరణశిక్ష. కిరీటం పెట్టగలిగిన చెయ్యి దాన్ని తీసేయనూగలదని రాజు భయం.

ఆ భయం బయటివాళ్ల దగ్గర ఆగలేదు. క్రీ.పూ. 38లో వారసుడనుకున్న పకోరస్ యుద్ధంలో చనిపోయాడు. దుఃఖంతో కుంగిపోయిన ఒరోడీస్ మరో కొడుకు నాలుగో ఫ్రాటీస్‌ను ఎంచుకున్నాడు. ఆ కొడుకు తండ్రిని చంపాడు, ముప్పై మంది సోదరులను చంపాడు, ప్రభువులు తన బదులు నిలబెడతారేమోనని ఎదిగిన సొంత కొడుకునూ చంపాడంటాడు జస్టిన్. శత్రువుల రచనలు కాబట్టి ముప్పై అన్న అంకెలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. హత్యల వెనకున్న లెక్క మాత్రం సూటిగా ఉంది. రాజవంశంలో పుట్టిన ప్రతి మగవాడూ రాజు కాగలిగినప్పుడు, ప్రతి మగవాడూ ప్రమాదమే. వీళ్లు పుట్టుకతో క్రూరులని తేల్చేయడం తేలిక. పోటీదారు బతికుండటమే నేరమయ్యే పద్ధతిలో మెత్తనివాడు ముందు చస్తాడన్నది అసలు సంగతి.

ఈ బలహీనతను రోమ్ చక్రవర్తి అగస్టస్ బాగా కనిపెట్టాడు. క్రాసస్ సైన్యం చేయలేని పని మూసా అనే ఇటలీ బానిస యువతి చేసింది. అగస్టస్ కానుకగా పంపిన ఈమె నాలుగో ఫ్రాటీస్‌కు రాణి అయింది. తన కొడుక్కి అడ్డు లేకుండా మిగతా రాకుమారులు నలుగురినీ రోమ్‌కు పంపేలా చేసింది. క్రీ.పూ. 2లో రాజు విషప్రయోగంతో చనిపోయాడు. కొడుకు ఫ్రాటాకీస్ నాణేల మీద ఒకవైపు అతను, రెండోవైపు తల్లి. కొన్నేళ్లకే ప్రభువులు వీళ్లను తరిమేశారు.

తర్వాత రాజు కరువైనప్పుడు ప్రభువులే రోమ్‌కు కబురుపెట్టి, అక్కడ పెరిగిన రాకుమారుడు వొనొనీస్‌ను రప్పించుకున్నారు. అతను వేటకు వెళ్లడు, గుర్రాలంటే ఇష్టం లేదు, పల్లకీలో తిరుగుతాడు, చుట్టూ గ్రీకులు. అర్సాకెస్ రక్తం ఉన్నా అర్సాకెస్ తీరు లేదని అతన్నీ దించేశారు. క్రీ.శ. 49లో రోమ్ అండతో వచ్చిన మెహెర్‌డాటిస్‌ను గోటార్జీస్ రాజు చంపలేదు, చెవులు కోయించాడు. అంగలోపం ఉన్నవాడు రాజు కాకూడదన్నది ఇరాన్ ఆచారం. ఒక కత్తిగాటుతో వారసత్వం రద్దయింది.

ఈ చీకట్లోనూ మొదటి వొలగాసీస్ వేరే దారి చూపాడు. క్రీ.శ. 51లో గద్దెనెక్కిన ఇతని తల్లి గ్రీకు ఉంపుడుగత్తె. సోదరులు ఒప్పుకొని పక్కకు తప్పుకున్నారు. దానికి బదులుగా ఒక సోదరుడికి మీడియా ఇచ్చాడు, ఇంకో సోదరుడు టిరిడేటిస్‌కు ఆర్మేనియా ఇప్పించేందుకు రోమ్‌తో ఏళ్లపాటు పోరాడాడు. చివరికి ఆర్మేనియా రాజు అర్సాకెస్ వంశస్థుడే, కిరీటం పెట్టేది మాత్రం రోమ్ అని రాజీ కుదిరింది. క్రీ.శ. 66లో టిరిడేటిస్ రోమ్ దాకా వెళ్లి చక్రవర్తి నీరో చేతుల మీదుగా కిరీటం ధరించాడు. గద్దె దక్కని సోదరుడికి సమాధి బదులు ఒక రాజ్యం దొరకగలదని నిరూపించిన ఒప్పందం ఇది. ఈ ఏర్పాటు వొలగాసీస్ తెలివితో నడిచింది. అతను పోయాక కొడుకులూ దాయాదులూ మళ్లీ పోటీ నాణేలు ముద్రించుకోవడం మొదలుపెట్టారు.

ముగింపు కూడా అలాగే వచ్చింది. మూడో శతాబ్ది మొదట్లో ఆరో వొలగాసీస్, నాలుగో ఆర్టబానస్ అనే అన్నదమ్ములు రాజ్యాన్ని చెరో ముక్కగా లాక్కుంటున్నారు. రోమ్ చక్రవర్తి కారకల్లా ఇదే అదనని దండెత్తాడు. ఆర్టబానస్ రోమన్లను తట్టుకున్నాడు. కానీ ఈలోగా పార్స్ ప్రాంతపు సామంతుడు అర్దషీర్ బలపడ్డాడు. క్రీ.శ. 224లో హోర్మోజ్‌దగాన్ యుద్ధంలో ఆర్టబానస్ చనిపోయాడు. గద్దె ససానియన్లదయింది. ఆర్మేనియాలో స్థిరపడిన అర్సాకెస్ శాఖ మాత్రం 428 దాకా ఏలింది.

నాలుగొందల డెబ్బై ఏళ్లు నిలిచిన పద్ధతిని తప్పుపట్టడమేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోమ్ చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 116లో రాజధాని టెసిఫోన్‌ను పట్టుకున్నా రాజ్యం కూలలేదు. ఒక రాజు ఓడితే అదే కుటుంబంలో ఇంకొకడు సిద్ధంగా ఉండేవాడు. ఆ మేరకు లోపమే రక్షణ అయింది. అయితే కాపాడింది కుటుంబాన్నే, రాజ్యాన్ని కాదు. రాజ్యం ప్రతి తరంలోనూ ఆ పోటీకి ఖర్చు చెల్లించింది. కార్హేలో గెలిపించిన సురేన్ యువకుడిలాంటి సేనానులను పోగొట్టుకుంది, రాకుమారులను రోమ్ చేతిలో పెట్టింది, సామంతులు తలెగరేస్తుంటే చూస్తూ ఊరుకుంది.

రాజులు పోయినా వారసత్వాలు పోలేదు. పార్టీలు, వ్యాపార సంస్థలు, మఠాలు, చివరికి ఆస్తి ఉన్న ప్రతి ఇల్లూ ఏదో ఒకనాడు అదే ప్రశ్నను ఎదుర్కొంటాయి. పెద్దవాళ్లు ఆ ప్రశ్న ఎత్తితే అపశకునమనుకుంటారు, వారసుణ్ని తేల్చితే తమ పట్టు పోతుందనుకుంటారు. అర్సాకెస్ వంశం చరిత్ర చెప్పేది దానికి విరుద్ధం. తేల్చనివాడి పట్టే ముందు పోయింది. ఎవరిని ఎంచాలో, ఎలా ఎంచాలో, ఎంపిక కానివాళ్లకు ఏం దక్కాలో ఈ మూడూ పెద్దాయన బతికుండగానే అందరి ముందూ తేలాలి. అది తేల్చకుండా వదిలేసిన ఏ పెద్దరికమూ తన పిల్లలకు మేలు చేసినట్టు కాదు.