వాసన పోతే విషం పోయినట్లేనా?

ఇంటి పక్కన కార్లకు రంగు వేసే షెడ్డు ఉందనీ, ఆ వాసనకు తలనొప్పి, కళ్ళమంట వస్తున్నాయనీ ఒక సోదరి రాశారు. ఆరేళ్ళ బాబుకు రాత్రిళ్ళు పిల్లికూతలట. "వెలుతురుతో గాలిని శుభ్రం చేసే యంత్రం పెట్టాను, ఇక భయం లేదు" అంటాడట షెడ్డు యజమాని. నమ్మవచ్చునా అని ఆమె ప్రశ్న.

యంత్రం బూటకం కాదు. అందులో పని చేసేది సాధారణంగా టైటానియం డయాక్సైడ్, అంటే గోడలకు వేసే తెల్లరంగులో ఉండే పొడే. దానిమీద అతినీలలోహిత కిరణాలు పడితే, గాలిలోని తేమ, ప్రాణవాయువుల సాయంతో టోలీన్, జైలీన్ వంటి ఆవిరులను బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మార్చగలదు. పొడి మాత్రం ఖర్చు కాదు. ఇది వెలుతురులో నీటిని విడగొట్టగలదని 1972లో ఫుజిషిమా, హోండా అనే జపాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించాక పరిశోధనలు విరివిగా సాగాయి. ఎండలో ఈ కిరణాలు నూటికి అయిదు వంతులకు మించవు కనుక యంత్రంలో ప్రత్యేకంగా దీపాలు అమరుస్తారు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఆవిరి కొద్దిగా ఉండి, పొడిని తగినంతసేపు తాకితేనే పని పూర్తవుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు గుప్పుమని లేచే ఆవిరి ఫ్యాను తోపుకు క్షణంలో దాటిపోతుంది. చర్య సగంలో ఆగితే ఫార్మాల్డిహైడ్ పుట్టవచ్చు. శవాలు చెడకుండా వాడే ఫార్మలిన్ ఆ వాయువును నీటిలో కలిపినదే. మా విద్యార్థి దశలో అనాటమీ హాలులో అందరం కళ్ళు తుడుచుకుంటూనే చదువుకున్నాం! రంగు వాసన తగ్గినా కళ్ళమంట తగ్గకపోతే దీన్ని కూడా అనుమానించాలి. పైగా రంగు తుంపరలు పొడిమీద పేరుకుంటే దానికి వెలుతురే సోకదు. తుంపరలను ముందే పట్టే వడపోత ఉందా, దీపాలు ఎప్పుడు మార్చారు అని యజమానిని అడగండి.

వాసనకంటే నాకు భయం కలిగించేవి ఐసోసైనేట్లు. కొన్ని కారు రంగులను గట్టిపరిచే ద్రవంలో ఉంటాయి. ముక్కు పసిగట్టలేనంత స్వల్పంగా ఉన్నా కొందరికి ఉబ్బసం తెప్పిస్తాయి.

బాబును వెంటనే డాక్టరుకు చూపించండి. ఈ వయసు పిల్లలచేత గొట్టంలో ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలవవచ్చు. పీల్చే మందు రాసిస్తే "అలవాటైపోతుంది" అనే ఇరుగుపొరుగు మాటలు విని మానేయవద్దు. స్ప్రే వేళల్లో అటువైపు కిటికీలు మూయండి. షెడ్డు నడిచిన రోజుల్లో, సెలవు రోజుల్లో దగ్గు, పిల్లికూతలు ఎలా ఉన్నాయో రెండు వారాలు తేదీలతో రాయండి. ఆ కాగితం డాక్టరుకూ, కాలుష్య నియంత్రణ మండలికిచ్చే ఫిర్యాదుకూ పనికివస్తుంది. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఏ వేళైనా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.