7డీ మ్యాట్ కొనే ముందు ఒకసారి యాక్సిలరేటర్ వైపు చూడండి

ఫోన్ బాక్స్ మీద 108 మెగాపిక్సెల్ అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తే మనం పడిపోం. సెన్సర్ సైజ్ ఎంత, ఓఐఎస్ ఉందా లేదా అని కామెంట్లలో కొట్టుకుంటాం. అదే మనం కార్ యాక్సెసరీస్ షాపులోకి వెళ్లగానే "అన్నా, 5డీ ఉందా, 7డీ ఉందా?" అని అడిగి, పెద్ద నంబర్ ఉన్నది వేయించుకుని వచ్చేస్తాం. ఆ డీ అంటే ఏంటని షాపులో అడిగి చూడండి. 3డీ వరకైతే ఏదో అర్థం ఉంది, అంచులు పైకి లేచిన ట్రే లాంటి మ్యాట్ అని. ఆ తర్వాతి 5, 7, 9 అన్నీ అమ్మేవాళ్లు పెట్టుకున్న నంబర్లే. వాటికి స్టాండర్డ్ అంటూ ఏదీ లేదు.

నేను కూడా మొన్నటిదాకా మ్యాట్ గురించి ఆలోచించినవాడిని కాదు. గాడ్జెట్ల సైట్‌లో మ్యాట్ల గోల ఏంట్రా అనుకుంటున్నారేమో, ఈ ఒక్క సంగతి విని అప్పుడు తిట్టండి.

మాది ఇబ్రహీంపట్నం. ఇంట్లో ఉన్నది మాన్యువల్ గేర్ హ్యాచ్‌బ్యాక్. నేను ఆఫీసుకి తీసుకెళ్తా, సెలవు రోజు నాన్న పొలానికి తీసుకెళ్తాడు. వానాకాలంలో చెప్పుల నిండా ఎర్రమట్టి. కంపెనీ ఇచ్చిన కార్పెట్ మ్యాట్ పాడైపోతోందని నాన్న బాధ. దాంతో ఓ షాపులో నూడుల్ మ్యాట్లు తీసుకున్నాం. అదేనండీ, సన్నటి ప్లాస్టిక్ సేమియా చుట్టలు చుట్టుకున్నట్టుంటుంది కదా, అది. ఫిట్ చేసే కుర్రాడు "కింద పాతది ఉండనీ అన్నా, దాని మీదనే ఏస్తా, డబుల్ ప్రొటెక్షన్" అన్నాడు. మాకూ మంచి డీల్ అనిపించింది.

వారం తర్వాత, ఓ సాయంత్రం సాగర్ రోడ్డు మీద మంగళ్‌పల్లి దాటాక కాలేజీ బస్సును ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ నేలకి నొక్కా. బస్సు దాటింది. కాలు తీశా. కారు మాత్రం తగ్గలేదు. ముందు బొంగుళూరు వైపు వెళ్లే ట్రాఫిక్, బైకులు, ఒక ట్రాక్టర్. బ్రేక్ మీద కాలు పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కేశా. చక్రాలకి పవర్ ఆగింది కానీ ఇంజిన్ మాత్రం చెవులు పగిలేలా అరుస్తోంది. ఎలాగో పక్కకి తీసి ఆపి, కీ తిప్పా.

మన బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి. నాకు వచ్చిన మొదటి ఆలోచన "థ్రాటిల్ సెన్సర్ పోయింది, ఓబీడీ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చూడాలి" అని. కిందకి వంగి చూస్తే నూడుల్ మ్యాట్ ముందుకి జారి, దాని అంచు కింద పెడల్ కొస ఇరుక్కుని ఉంది. చేత్తో లాగితే టక్కున పైకి వచ్చింది. అంతే, డీబగ్గింగ్ అయిపోయింది.

ఇది నా ఒక్కడికే జరిగిన వింత అనుకున్నా. కాదు. 2009 ఆగస్టు 28న అమెరికాలో శాండియాగో దగ్గర హైవే పెట్రోల్‌లో పనిచేసే ఒక ఆఫీసర్ తన కుటుంబంతో లెక్సస్ ఈఎస్ 350లో వెళ్తున్నాడు. అది ఆయన సొంత కారు కాదు, సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు డీలర్ వాడుకోమని ఇచ్చిన కారు. అందులో వేసి ఉన్నది వేరే మోడల్ లెక్సస్‌కి చెందిన రబ్బరు మ్యాట్. పెడల్ దానికి ఇరుక్కుంది. వేగం గంటకి 160 కిలోమీటర్లు దాటింది. లోపలి నుంచి 911కి ఫోన్ చేస్తూనే ఉన్నారు. నలుగురూ చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే అదే కారు వాడిన మరో కస్టమర్‌కి కూడా పెడల్ ఇలాగే ఇరుక్కుందని, ఆ మాట డీలర్ దగ్గర చెప్పాడని తర్వాత విచారణలో తేలింది. నెల తిరిగేసరికి టొయోటా దాదాపు 38 లక్షల కార్ల యజమానులకి "డ్రైవర్ వైపు మ్యాట్ తీసేయండి" అని చెప్పాల్సి వచ్చింది. కస్టమర్లకి నిజం చెప్పలేదన్న కేసులో 2014లో 120 కోట్ల డాలర్లు కట్టింది.

మన ఇంజినీర్లకి నచ్చే భాగం దీని తర్వాత ఉంది. అప్పుడు అందరూ సాఫ్ట్‌వేర్‌ని అనుమానించారు. నాసా ఇంజినీర్లు నెలల తరబడి సర్క్యూట్లు, కోడ్ అన్నీ చూసి, కారు అలా దూసుకుపోవడానికి కారణమయ్యే ఎలక్ట్రానిక్ లోపం తమకు కనిపించలేదని 2011లో చెప్పారు. కోడ్ మీద వాదనలు ఆ తర్వాత కోర్టుల్లో కూడా నడిచాయి, అది వేరే కథ. మ్యాట్ విషయం మాత్రం చాలా సింపుల్. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కి వైరు లాగే కేబుల్ ఉండదు. పెడల్‌లో రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకటి తప్పు చెబితే ఇంకొకదానితో పోల్చి ఈసీయూ పట్టుకుంటుంది. కానీ మ్యాట్ నొక్కినప్పుడు రెండు సెన్సర్లూ ఒకే మాట చెబుతాయి, అదీ నిజమే చెబుతాయి. పెడల్ నిజంగానే కింద ఉంది కదా! నొక్కింది కాలా, ప్లాస్టిక్కా అని ఈసీయూకి ఎలా తెలుస్తుంది? వ్యాలిడేషన్ పాసైన తప్పుడు ఇన్‌పుట్ అన్నమాట. అందుకే బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి పడితే బ్రేక్ మాటే వినే బ్రేక్ ఓవర్‌రైడ్ లాజిక్ తర్వాత చాలా కార్లలోకి వచ్చింది. మీ కారులో ఉందో లేదో మాన్యువల్ చూడండి. ఫోన్ అన్‌బాక్స్ చేసి క్విక్ స్టార్ట్ గైడ్ పారేసినట్టు దాన్ని పారేయకండి.

ఇంతకీ నా అభిప్రాయం: డ్రైవర్ కాళ్ల కింద ఒక్కటే మ్యాట్ ఉండాలి. రెండోది ఎంత మంచిదైనా వద్దు. కంపెనీ కారు ఫ్లోర్‌కి ఇచ్చిన హుక్కులు ఆ మ్యాట్‌లోని రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవాలి. "యూనివర్సల్ ఫిట్" అని రాసి ఉంటే ఏ కారుకీ సరిపోదని అర్థం. ఆన్‌లైన్‌లో కొంటే మోడల్ పేరొక్కటే చూస్తే సరిపోదు, ఏ ఏడాది కారు, మాన్యువలా ఆటోమేటికా కూడా చూడాలి. క్లచ్, డెడ్ పెడల్ ఉండే చోటు మారిపోతుంది.

7డీ మీద నాకు కోపం కొంచెం ఎక్కువే. ఫోమ్ మీద లెదర్‌లాంటి రెగ్జిన్ కుట్టి నేల మొత్తం కప్పేస్తారు. ఫొటోల్లో అదిరిపోతుంది, ఒప్పుకుంటా. కానీ మన దగ్గర వానలో తడి చెప్పులతో ఎక్కితే మడమ జారుతుంది. కుట్ల దగ్గర నుంచి, అంచుల నుంచి నీళ్లు కిందకి దిగితే ఆరే దారి ఉండదు. కింద కంపెనీ కార్పెట్ కుళ్లి ముక్కవాసన మొదలవుతుంది. చాలా కార్లలో వైరింగ్ వెళ్లేది కూడా ఆ కార్పెట్ కిందనుంచే. పైగా దాన్ని ఊడదీసి కడగడం ఆదివారం మొత్తం పట్టే పని, కాబట్టి ఎవరూ తీయరు. కనిపించనంత కాలం బానే ఉంటుంది.

నూడుల్ మ్యాట్ మట్టిని బాగానే పట్టుకుంటుంది, వదలడానికే ఇష్టపడదు. మా ఎర్రమట్టి అందులోంచి వదలాలంటే రెండు బకెట్ల నీళ్లు, ఓపిక కావాలి. నేను చివరికి మా మోడల్‌కి కొలిచి చేసిన టీపీఈ ట్రే తీసుకున్నా. చూడ్డానికి బేసిన్‌లా ఉంది. వాసన లేదు, గట్టిగా ఉంటుంది కాబట్టి మడత పడదు, ఎత్తి బయట దులిపి పైపుతో కొడితే రెండు నిమిషాల పని. నూడుల్ కంటే ఖరీదెక్కువ. అది నచ్చకపోతే కంపెనీ కార్పెట్‌నే ఉంచుకోండి, అది కూడా తప్పు కాదు.

ఏ మ్యాట్ వేసినా ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఒక పరీక్ష చేయండి. మ్యాట్‌ని చేత్తో ముందుకి తోయండి. మూడు పెడల్స్ ఒక్కొక్కటి చివరిదాకా నొక్కి వదలండి. ఎక్కడైనా తగిలినా, నెమ్మదిగా లేచినా ఆ మ్యాట్ తిరిగి ఇచ్చేయండి. కారు కడిగించిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. వాషింగ్ వాళ్లు మ్యాట్ తీసి వేసేటప్పుడు హుక్కులు పెట్టడం చాలా అరుదు, వాళ్లని అనడం లేదు, మనమూ చూడం.

ఒకవేళ నడుస్తుండగా ఇరుక్కుంటే కిందకి వంగకండి. బ్రేక్ గట్టిగా, ఒకేసారి తొక్కి పట్టుకోండి. పంపు కొట్టినట్టు పదే పదే తొక్కితే బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి బ్రేక్ రాయిలా మారుతుంది. మాన్యువల్ అయితే క్లచ్, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్. ఇంజిన్ అరిస్తే అరవనీయండి. కారు ఆగాకే కీ తీయండి, ముందే తీస్తే స్టీరింగ్ లాకవుతుంది.

ఇదంతా నాన్నకి వీడియో చూపించి మరీ చెప్పా. విన్నాడు. మరుసటి ఆదివారం పొలం నుంచి వచ్చాక చూస్తే, కొత్త ట్రే మట్టి కాకూడదని దాని మీద పేపర్ పరిచి ఉంది. "ఏమైతది రా, పేపరే కదా" అన్నాడు. ఇప్పుడు ఒక ఒప్పందానికి వచ్చాం: వెనక సీటు దగ్గర గోనెసంచి వేసుకో నాన్నా, నీ ఇష్టం. ముందు మాత్రం వద్దు.