పనిలో కాదు, ఆకుకి పోయినప్పుడు

"పనిలో ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అక్కా?" అని టేకులపల్లి మండలంలో తునికాకు కోసే ఒకామెను అడిగాను. "పనిలో ఏం తగల్లేదమ్మా" అంది. మరి పాదం మీద ఆ మచ్చ? "అదా, ఆకుకి పోయినప్పుడు మోడు దిగింది. రెండు నెలలు నడవలేకపోయిన."

ఆకుకి పోవడం పని కాదట! ఈ తేడా ఆమెకు ఎవరు నేర్పారు?

అదే మండలంలో కోయగూడెం ఓపెన్‌కాస్ట్ గని ఉంది. అక్కడ హెల్మెట్, బూట్లు, బ్లాస్టింగుకి ముందు సైరన్, ఏటా భద్రతా వారోత్సవాలు. ఇవన్నీ ఉన్నంత మాత్రాన గని కార్మికుడు క్షేమంగా ఉన్నాడని కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. కానీ ఆ చావులకు ఒక తేదీ ఉంది, ఒక గని పేరుంది, జవాబు చెప్పాల్సిన యాజమాన్యం ఉంది. గనిలో పైకప్పు కూలితే ప్రకృతి వైపరీత్యమని ఎవరూ వదిలెయ్యరు. దిమ్మెలు సరిగ్గా పెట్టారా, తనిఖీ చేసిందెవరు అని అడుగుతారు. భూమి లోపలి బండకు మనిషిని బాధ్యుణ్ని చేయగలిగిన చట్టం, అడవిలో పాము దగ్గరికొచ్చేసరికి "అది ఆమె ఖర్మ" అని ఎందుకంటుంది?

చట్టం ఆడవాళ్లను రక్షించలేదా అంటారు. రక్షించింది! 1952 గనుల చట్టం భూగర్భంలో ఆడవాళ్లు పనిచేయకూడదంది. అంతకు ముందు బ్రిటిషిండియాలోనూ ఆ నిషేధం ఉండేది. యుద్ధానికి బొగ్గు కావలసొచ్చి 1943లో దాన్ని సడలించారు, యుద్ధం ముగిశాక 1946లో మళ్లీ పెట్టారు. ఆ మూడేళ్లూ మన ఒళ్లు గట్టిపడ్డాయి కాబోలు. 2019లో ఆ తలుపు కొంచెం తెరిచారు, అదీ సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకే, పగటిపూటే. ప్రమాదం పేరుతో జీతమూ నష్టపరిహారమూ ఉన్న పనినుంచి మనల్ని దూరం పెట్టారు. ప్రమాదం ఉండి అవేవీ లేని పనుల్లోకి వెళ్తుంటే మాత్రం ఏ చట్టమూ అడ్డం రాలేదు.

ఆ పని ఎలా ఉంటుందో చూడండి. ఏప్రిల్, మే నెలలు. తెల్లవారకముందే బయల్దేరాలి, ఎండెక్కితే ఆకూ వాడుతుంది, మనిషీ వాడుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో కొమ్మకొట్టిన చోట్ల పదునైన మోళ్లు నిలబడి ఉంటాయి. కాళ్లకు రబ్బరు చెప్పులు. పొదల్లో పాము, గుట్ట మీద ఎలుగుబంటి. ఇంటికొచ్చి యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం నెత్తిన పెట్టుకుని కల్లానికి మోయాలి. లెక్క కట్టకింత. అందుకే నీళ్లు తాగడానికి ఆగినా నష్టమే. చంటిబిడ్డ ఉన్న తల్లి ఇంకా తొందరపడుతుంది. వడదెబ్బకు ఎండ ఎంత కారణమో ఈ కట్ట లెక్కా అంత కారణం.

కట్ట రేటు కోసం ఈ ప్రాంతంలో ఎర్రజెండాలు దశాబ్దాలుగా పోరాడాయి. రేటు పెరిగిందంటే ఆ పోరాటాల వల్లే, ఎవరి దయా కాదు. అయితే రేటు ముందుకొచ్చినంతగా ఒళ్లు ముందుకు రాలేదు. మన సంఘాలు కూడా ఆకును లెక్కపెట్టినంత శ్రద్ధగా కాళ్లను లెక్కపెట్టలేదు.

యజమాని ఎవరంటే అందరూ తప్పుకుంటారు. అటవీశాఖ యూనిట్లను టెండర్లో అమ్ముతుంది. కాంట్రాక్టరు ఆకు కొంటాడు, కల్లేదారు లెక్క రాసుకుంటాడు. ఆమె కేవలం 'సేకరణదారు'. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకు మీద ఆదివాసులకు హక్కిచ్చింది. మంచిదే. కానీ యజమానురాలివి నువ్వే అన్నాక, కాలు పోయినప్పుడు ఎవరిని అడగాలి? 1923 నష్టపరిహార చట్టం బొటనవేలికి నూటికి ముప్ఫై, చూపుడువేలికి పద్నాలుగు అని వేళ్లకు కూడా శాతాలు కట్టింది. ఆ పట్టికలోకి ఎక్కాలంటే ముందు ఒకడు 'నేను యజమానిని' అనాలి.

కూలికి పోయే దారిలో చచ్చినా అంతే. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో కూలీల ట్రాక్టరు కాలవలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు పోయారు. జూన్‌లో యాదాద్రి జిల్లాలో ఇంకో ట్రాక్టరు, పదిహేను మంది. రెండింటినీ మనం 'రోడ్డు ప్రమాదం' అనే చదువుకున్నాం. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్, ఇంటినుంచి పనికి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్నీ పని ప్రమాదంగా గుర్తిస్తోంది. ఇది నిజంగా ముందడుగే. కానీ అక్కడా పనిలో పెట్టుకున్నవాడు ఎవరో తేలాలి. రోజుకో చేనుకి పోయే కూలి మనిషికి ఆ ఒక్క యజమాని పేరు ఎక్కడ దొరుకుతుంది?

టెండరు కాగితంలోనే రాయించాలి. ఆకు కోసే ప్రతి మనిషి పేరూ నమోదు చేయాలని, సీజన్లో దెబ్బ తగిలినా ప్రాణం పోయినా యూనిట్ కొన్నవాడూ అమ్మిన ప్రభుత్వమూ కలిసి బాధ్యత వహించాలని. కాళ్లకు బూట్లు, కల్లం దగ్గర నీడ, నీళ్లు, ఆ రెండు నెలలైనా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు. గనిలో అడగడానికి సిగ్గుపడని వాటిని అడవిలో అడగడానికి మనకెందుకు మొహమాటం? కల్లేదారు పుస్తకంలో కట్టల లెక్క పక్కనే దెబ్బల లెక్క కూడా రాయాలి. అప్పుడు మళ్లీ వెళ్లి ఆ అక్కను అదే ప్రశ్న అడుగుతాను.