పదునెనిమిదేండ్లు నిండిన పిదప

మా కళాశాలలో ప్రవేశ దరఖాస్తులు చూచుపని కొన్నేండ్లుగా నా పాలబడినది. మొన్న ఒక బాలుడు తన కాగితము నా ముందుంచి ఊరక నిలుచుండెను. తండ్రియో సంరక్షకుడో సంతకము చేయవలసిన చోటు ఖాళీ. "మీ హోము సూపరింటెండెంటుగారు చేయరా?" అని యడిగితిని. "నాకు పద్దెనిమిది నిండాయండి. ఇక సారు చెయ్యరండి" అనెను.

అతనికి తెలుగు పండితుడు కావలెనని కోరిక. హోములోని పెద్దలు మాత్రము ఎలక్ట్రీషియను పని నేర్చుకొమ్మనిరట. ఆ పని తక్కువదని నే ననను. ఇష్టపడి నేర్చినవానికి అది మంచి బ్రతుకే. కాని ఆ సలహా పిల్లవాని అభిరుచిని చూచి చెప్పినది కాదు, పుట్టిన తేదీని చూచి చెప్పినది. మన యిండ్లలో కుమారుడు ఇంజనీరింగు మానెదనన్నచో పదిదినములు రగడ జరుగును. తుదకు తల్లి సర్దిచెప్పును. వీరికి తప్పటడుగు వేసి తిరిగివచ్చుటకు గడప లేదు.

చట్టము లేకపోలేదు. 2015 నాటి బాలల న్యాయచట్టము 46వ సెక్షను, సంస్థను విడిచిపోవు వారికి ధనసహాయము "చేయవచ్చును" అన్నది, "చేయవలెను" అనలేదు. వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఈ క్రియాభేదము నా కంటబడక మానదు. 2016 నాటి నమూనా నియమములు ఈ ఆదరణను 21 ఏండ్లవరకును, ప్రత్యేక పరిస్థితులలో మరి రెండేండ్లును సాగింపవచ్చుననినవి. మిషన్ వాత్సల్య పథకమున నెలకు 4,000 రూపాయలు నిర్ణయించిరి. అయితే సకాలమున బడిలో చేరిన పిల్లవానికే డిగ్రీ, బి.ఇడి. ముగియునప్పటికి 22, 23 ఏండ్లు వచ్చును. ఏ రైల్వేస్టేషనులోనో దొరకి, ఆలస్యముగా అక్షరాభ్యాసమైన వాని సంగతి యేమి? ఈ గడువును వయస్సుతో గాక చదువు ముగింపుతో ముడిపెట్టవలెను.

పదేండ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకొని, గుర్తింపుగల శరణాలయములలో పెరిగిన దిక్కులేని పిల్లలను తెలుగు రాష్ట్రములలో వెనుకబడిన తరగతుల 'ఎ' వర్గమున చేర్చిరి. మంచిపని. ఆ పత్రము పిల్లవాడు సంస్థ గడప దాటకముందే చేతికీయవలెను. దాటిన పిదప దానికై ఆఫీసుల చుట్టు తిరుగుటకు వాని వెంట నెవరు పోదురు? తల్లి యుండియు పోషింపలేక చేర్చిన పిల్లలకు ఆ పత్రమును లేదు.

పదునెనిమిది నిండినవానికి సంరక్షకుని సంతకమేలయో నాకు తెలియదు. అడిగిరి గనుక నేనే చేసితిని. చెల్లునో చెల్లదో ప్రిన్సిపాలుగారు చెప్పవలసియున్నది. దసరా సెలవులలో మా హాస్టలు మూసివేయుదురు. అప్పుడెక్కడ నుండునో ఆ బాలుని ఇంకను అడుగలేదు.