చూసి వద్దాం రండి: పాపన్న కోట

పిల్లలూ!

దూరదేశాల కొండలూ, పచ్చిక బయళ్ళూ బొమ్మల్లో చూసి, "మనమూ అక్కడికి వెళితే ఎంత బాగుండును!" అని మీరు అనుకుంటూ వుంటారు. అనుకోవచ్చు, తప్పులేదు. కాని ఒక శని, ఆదివారాల్లో పదిమంది స్నేహితులు కలిసి, పెద్దవారిని వెంటబెట్టుకుని చూసిరాదగిన చోటు మన దగ్గరే ఒకటి వున్నది. అది జనగామ జిల్లాలోని రఘునాథపల్లి.

సికింద్రాబాదు నుంచి కాజీపేట వెళ్ళే రైలుదారిలో, జనగామ దాటగానే వచ్చే స్టేషను ఇదే. చాలా బళ్ళు ఇక్కడ ఆగకుండా పోతాయి. కనుక ఆగే బండి వేళలు ముందే కనుక్కోండి.

ఈ ప్రాంతంలో తాటిచెట్లూ, చెరువులూ, వరిమళ్ళూ, వాటి మధ్య ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న గుండ్లూ కనిపిస్తాయి. ఆ గుండ్లను ఎవరు పేర్చారు? ఎవరూ పేర్చలేదు! సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల గట్టిపడిన రాయి అది. దాని పగుళ్ళలోకి నీరు దిగి, ముందుగా మూలలనూ అంచులనూ తినివేసింది. మెత్తబడిన భాగాన్ని వానలు కడిగివేశాయి. నున్నని గుండ్లు మిగిలాయి. ఒక పటికబెల్లం ముక్కను కాసేపు నోట్లో వుంచుకుని తీసి చూడండి. మూలలే ముందు కరుగుతాయి!

రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపూర్ అనే ఊరున్నది. అక్కడ ఎత్తయిన రాతిగోడలతో, గుండ్రని బురుజులతో ఒక పాతకోట నిలిచివుంది. అది సర్వాయి పాపన్న కోట.

పాపన్న రాజకుమారుడు కాడు. కల్లుగీసే వారింట పుట్టినవాడు. మొగలాయి ప్రభుత్వం బలహీనపడుతున్న రోజుల్లో మనుషులను కూడగట్టి, కోటలు కట్టి, 1708లో ఏకంగా ఓరుగల్లునే కొల్లగొట్టాడు. చివరకు 1710లో మొగలాయి అధికారులు అతన్ని పట్టి చంపించారు.

ఇతడు దొంగా, వీరుడా? ఆనాటి పారసీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ దొంగ అని వ్రాశాడు. సొంత సోదరి నగలే దోచాడన్నాడు. మన పల్లెల్లో పాటకులు మాత్రం వీరుడని పాడారు. ఆ పాట ఊరూరా తిరిగి, 1874లో బాయిల్ అనే దొర వ్యాసంలో అచ్చుకు కూడా ఎక్కింది.

మరి ఏది నిజం? ఓరుగల్లులో తన వాళ్ళు చెరబడిన తల్లిని అడిగితే, దొంగ అనే చెబుతుంది. పన్ను కట్టలేక నలిగిన రైతును అడిగితే, వీరుడంటాడు. ఇద్దరి మాటా వినాలి. చరిత్ర చదవడమంటే అదే. మీరు కోట నీడన కూర్చుని, రెండు జట్లుగా విడిపోయి వాదించి చూడండి. సగంలో జట్లు మార్చుకోండి. అప్పుడు తమాషా తెలుస్తుంది!

ఒక్క మాట గుర్తుంచుకోండి. పాపన్న గురించి వ్రాసినవారూ పోయారు, పాడినవారూ పోయారు. ఏ పక్షమూ వహించకుండా నిలిచి వున్నవి ఈ రాళ్ళే. ఒక రాయి ఊడదీసినా, గోడమీద మీ పేరు చెక్కినా, ఒక సాక్షి నోరు మూసినట్టే. పాతగోడలు వాననీటికి సడలివుంటాయి. వాటిమీదికి ఎక్కకండి.

ఆదివారం తిరుగుదారిలో పెంబర్తిలో ఆగండి. అక్కడి పనివారు ఇత్తడి రేకును లక్కమీద పరచి, చిన్న ఉలితో కొట్టి దేవతలనూ, పువ్వులనూ లేపుతారు. అడిగి, దూరంగా నిలబడి చూడండి.

పెద్దలకొక మనవి. పిల్లలు వాదిస్తూంటే మధ్యలో తీర్పు చెప్పకండి. ఇంటికి వచ్చాక ఏమి తేల్చారో వాళ్ళనే అడగండి.